రెండో బుట్ట

కెంటానీ కొండవాలు. జూన్ ఎండ.
నొఫెజిలే ముంగిట్లో రెండు బుట్టలు.
తెల్లటి కండెలు ఒకదాంట్లోకి,
గులాబీ బూజు పాకినవి ఇంకోదాంట్లోకి.
ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి,
ఏరేది బొటనవేలు.
గింజ గట్టిగా తగిలితే ఎడమకి,
మెత్తగా, పొడిపొడిగా తగిలితే కుడికి.

నా ఒళ్లో అట్టకు బిగించిన ఫారం.
పదకొండో ప్రశ్న:
బూజు పట్టిన మొక్కజొన్నను ఏం చేస్తారు?
పారేస్తాం. పందులకు పెడతాం. తింటాం. ఇతరం.
ఇతరం పక్కన గీత వేలెడైనా లేదు.

"మంచివి తిండికి, చెడ్డవి బీరుకి" అంది,
ఇది కూడా అడగాలా అన్నట్టు.
"బూజుదైతే రుచి దిగుతుంది.
మా అత్త చెప్పింది. ఆవిడకి వాళ్లత్త."
ఆ పొట్టి గీత మీద *బీరు* అని ఇరికించాను.
మా అమ్మా అంతే చేస్తుందని
రాయడానికి గడి లేదు.

గింజ పారేసే చెయ్యి
ఈ కొండల మీద ఇంకా పుట్టలేదు.
ఏడాదిలో మూడు నెలలు
జొహానెస్‌బర్గ్ గనుల నుంచి మనియార్డర్ రాదు.
అప్పుడు కుడి బుట్ట కూడా ఎడమ బుట్టే.

జ్వెలిబాంజీ గురించి ఆమే చెప్పింది, నేనడగలేదు.
ఇరవై రెండేళ్లు భూమి కింద.
రెండుసార్లు కప్పు కూలింది, రెండుసార్లూ బతికొచ్చాడు.
ఇంటికొచ్చాక ఒక రాత్రి
దంచిన గింజలూ చిక్కుళ్లూ గొంతులో ఆగాయి.
నవ్వాడట, ముసలాణ్ణయ్యానని.
తర్వాత గట్టి ముద్ద ఆగింది. తర్వాత జావ.
తర్వాత పుల్లటి పాలు.
చివరికి తన ఉమ్మే తనకు అడ్డం పడింది.

బటర్‌వర్త్ క్లినిక్ గోడ మీద మా జిల్లా పటం.
మావైపు గుండుపిన్నులకు చోటు చాలదు,
రెండు నదులు దాటితే ఒకటీ అరా.
డాక్టర్‌ని అడిగితే
పైపు పొగాకు కావచ్చు, కూరాకు లేని తిండి కావచ్చు,
ఈ బూజు విషం కావచ్చు అంటాడు.
మంచివాడు. తెలిసినంతే చెబుతాడు.
ఆ *కావచ్చు*ని
నేనెవరి ముంగిట్లో దించను?

డబ్బా నిండా నురగతో తెచ్చింది.
తను ముందు ఒక గుక్క తాగింది,
అంచు తుడిచి నాకిచ్చింది.
"కాచినవాళ్లే ముందు తాగాలి,
విషం లేదని చూపించడానికి.
నలభై ఏళ్లుగా ఆ మొదటి గుక్క నాదే."

తాగాను.

లేచేటప్పుడు చెప్పాను, ల్యాబుకి పంపాలి,
ఆ కుడి బుట్టలోవి మూడు కిలోలు కొంటామని.
సంచి లోపలికి తీసుకెళ్లింది,
మూతి కట్టి తెచ్చింది.
డబ్బులు మాత్రం పుచ్చుకోలేదు.

బటర్‌వర్త్‌లో బల్ల మీద కుమ్మరిస్తే
అన్నీ తెల్లటివే,
ఏరి ఏరి పెట్టిన విత్తనపు గింజలు.
ఇంటికొచ్చిన పిల్ల చేతిలో
చెడ్డవి ఎలా పెడుతుంది!

మర్నాడు తిరిగి వెళ్లాను.
అప్పటికే కుడి బుట్ట బోర్లించి ఉంది,
పొయ్యి పక్క కుండ బుడబుడలాడుతోంది.
ఏమీ అనలేక నీళ్లడిగి తాగి వచ్చేశాను.

ఆ రాత్రి మా ఇంట్లో,
మా అమ్మ కుడి బుట్ట సంచిలోకి ఒంపాను.
చీటీ మీద మా ఇంటి పేరు రాశాను.
"అవెందుకే, సిగ్గుచేటు,
మంచివి పట్టుకెళ్లు" అంది అమ్మ.

ఫలితం రావడానికి ఆరు వారాలు.
ఈలోగా నాన్న భోజనానికి కూర్చుంటే
ఏదో పనున్నట్టు ఎదురుగా కూర్చుంటాను.
గట్టి ముద్దే తింటున్నాడు.
ముద్ద నోట్లోకి పోతుంది,
నేను గొంతు వైపు చూస్తాను.
దిగింది.
ఇంకో ముద్ద కలుపుతున్నాడు.